బొండకొయ్య బాగుచేయించిన లెక్క

అందరికీ నమస్కారం. ఇక్కడ ఇంగ్లండ్‌లో మన ఊరి చర్చి ఆవరణలో సమాధుల పక్కనున్న బొండకొయ్య (వెనకటికి తప్పు చేసినవాళ్ళ కాళ్ళు బిగించి కూర్చోబెట్టిన కొయ్య) మరమ్మతు లెక్క ఇది. ఆలస్యమైంది, ఒప్పుకుంటున్నాం. "ఆ డబ్బులేమయ్యాయి" అని రెండు మూడిళ్ళలో మాట వచ్చిందట, అందుకే కమిటీలో ఉన్న తెలుగువాణ్ణి కాబట్టి మనవాళ్ళకు నేనే రాస్తున్నా.

జమ: ఊరివాళ్ళ చందాలు 1,240 పౌండ్లు, మన 11 కుటుంబాలవి 610, వేసవి సంతలో గారెలు, పులిహోర అమ్మితే 285. మొత్తం 2,135. గారెలు వేసిన వదినలకు దండం, నూనె డబ్బులు కూడా అడగలేదు.

ఖర్చు: ఓక్ చెక్క, వడ్రంగి కూలి 1,380. కీలు, గొళ్ళేనికి కమ్మరికి 165. ఫొటోలు, డ్రాయింగులు 48. టీ, బిస్కెట్లు 22 (ఇదీ అడిగారు మరి).

ఇక గొడవంతా పురావస్తు నిపుణుడికిచ్చిన 420 మీదే. గుంత పక్కన నిలబడి చూసినందుకు అంత డబ్బా అన్నారు. మాకూ మొదట అలాగే అనిపించింది. కానీ ఇంగ్లండ్‌లో చర్చి నేలలో పార దించాలంటే డయోసిస్ (ఈ ప్రాంతపు చర్చిలన్నిటి మీద ఉండే బిషప్ యంత్రాంగం) నుంచి ఫ్యాకల్టీ అనే అనుమతి రావాలి (కాలేజీ ఫ్యాకల్టీ కాదు). ఏడు నెలలు దానికే పోయాయి, మేం నిద్రపోలేదు. కాళ్ళు దూర్చే పలకలు గట్టిగానే ఉన్నాయి, ఒక కన్నం అంచయితే ఎన్ని కాళ్ళు రాసుకున్నాయో గాజులా నున్నగా ఉంది, కుళ్ళిందల్లా నిలువు దుంగలు, అదీ నేలకు ఆనే చోట. అవి తీయాలంటే తవ్వాలి, తవ్వేదేమో వందల ఏళ్ళుగా మనుషుల్ని పూడ్చిన నేల, అందుకే నిపుణుడు దగ్గరుండాలని అనుమతిలోనే షరతు పెట్టారు. రెండో గుంతలో మట్టి పైపు ముక్క, వేలెడు ఎముక దొరికాయి. ఎముకను వికార్ గారు (మన చర్చి పాస్టరు) ప్రార్థన చేసి అక్కడే పూడ్చారు. ఆ నిపుణుడు లేకపోతే పని ఆ రోజే ఆగిపోయేది.

కొత్తది చేయిస్తే చవకయ్యేది కదా అన్నవాళ్ళకు: ఊరూరా బొండకొయ్య ఉండాలని ఇక్కడ 1405లోనే చట్టం చేశారు, 1872లో కూడా న్యూబరీ అనే ఊళ్ళో తాగి గొడవ చేసినవాణ్ణి అందులో కూర్చోబెట్టారు. కొత్త చెక్క పెడితే పిల్లలు ఫొటోలు దిగడానికి తప్ప ఎందుకు? మన జమీందార్లు బొండ వేయించిన కొయ్యలు ఎన్ని మిగిలాయో ఆలోచించండి. అందుకే పాతది ఉంచి, కింద మూరెడు మేర కొత్త ఓక్ అతికించాం.

చేతిలో 100 మిగిలాయి. మాట ఇచ్చి ఇవ్వని ముగ్గురి దగ్గర ఇంకో 150 ఉన్నాయి, పేర్లు రాయను, వాళ్ళకే తెలుసు. రసీదులు మా ఇంట్లో ఉన్నాయి, ఆదివారం టీకి వచ్చి చూసుకోండి. ఆ 150 వస్తే వాన పడకుండా పైన చిన్న కప్పు వేయిద్దామని ఉంది. దానికీ ఫ్యాకల్టీ కావాలట.