నీలం పెయింట్ బ్లేడ్లున్న చొప్ప కట్టర్లు ఆపేయండి: మా షాపు ఖాతాదారులకి ఒక మాట

నమస్కారమండీ. ముందు పని మాట చెబుతాను. సంక్రాంతి తర్వాత విజయవాడ ఆటోనగర్‌లో మా షాపు నుంచి మూడు హెచ్‌పీ చొప్ప కట్టర్ కొన్నవాళ్లు గానీ, పాత మిషన్‌కి కొత్త బ్లేడ్లు మాత్రమే పట్టుకెళ్లినవాళ్లు గానీ, ఆ బ్లేడ్లతో ఇక మిషన్ ఆడించకండి. వాటికి రెండు చివర్లా నీలం పెయింట్ పూసి ఉంటుంది, చూడగానే తెలుస్తుంది. మా పాత బ్లేడ్లకి పెయింట్ ఉండదు, బోల్టు బెజ్జం పక్కన పంచ్‌తో కొట్టిన మూడు చుక్కలుంటాయి. చుక్కలున్నవాళ్లకి ఏ భయమూ లేదు. నీలం పెయింట్ ఉన్నవాళ్లందరికీ మూడు బ్లేడ్ల సెట్టు పైసా తీసుకోకుండా మార్చి ఇస్తాను. బిల్లు పోయినా ఫర్వాలేదు, నా పుస్తకంలో మీ పేరుంది. మొత్తం 64 సెట్లు.

ట్రాక్టర్ వెనక తగిలించి చేలోనే చొప్పని నలగ్గొట్టే పెద్ద మిషన్లవాళ్లు కంగారు పడొద్దు. పీటీఓ, అంటే ట్రాక్టర్ ఇంజన్ బలాన్ని వెనక మిషన్‌కి అందించే ఇరుసు, దాని మీద 540 ఆర్‌పీఎంతో తిరిగే వాటి బ్లేడ్లు వేరు, అవి తెచ్చేదీ వేరే చోటు నుంచి.

తొందరగా ఉన్నవాళ్లు ఇక్కడిదాకా చదివి ఫోన్ చేయండి చాలు. ఏం జరిగిందో కూడా తెలియాలనుకునేవాళ్లకే మిగతాది.

మార్చిలో దుగ్గిరాల వైపు నుంచి ఒక రైతుగారు ఫోన్ చేశారు. నాన్నగారి కాలం నుంచీ మా దగ్గరే కొంటారు. "ఏమయ్యా, నీ కత్తికి నెల తిరక్కుండానే పళ్లూడాయి" అన్నారు. ఫొటో పంపారు. అంచు మీద రెండు చోట్ల ఎలుక కొరికినట్టుంది. నేను ఫొటోని పెద్దది చేసి కూడా చూడలేదు. "చొప్పతో పాటు రాయి పోయుంటుందండీ" అన్నాను.

ఆయన ఊళ్లో వరి కోసిన మడిలో దున్నకుండానే మొక్కజొన్న పెడతారు. కండెలు విరిచాక కర్రని వేళ్లతో సహా పీకితే మట్టిపెళ్ల దానితోనే వస్తుంది. అందుకని, వేరు నరికేసి పెట్టుకోండని సలహా కూడా పారేశాను. "మా నల్లరేగట్లో వెతికినా గులకరాయి దొరకదయ్యా, నీకు తెలీదా?" అన్నారాయన. నేను నవ్వేసి ఫోన్ పెట్టేశాను. ఆ నవ్వే ఇప్పుడు నన్ను తినేస్తోంది.

వారం తిరక్కుండా నూజివీడు వైపు నుంచి ఇంకో ఫోన్. అదే ఫిర్యాదు. అక్కడివి ఎర్రనేలలు, రాళ్లకి కొదవ లేదు, కాబట్టి ఈసారి ఇంకా ధైర్యంగా అదే మాట చెప్పాను. ఆయన పాపం నమ్మేశారు, సానబెట్టించుకుని మళ్లీ బిగించుకున్నారు.

మూడోవాడు ఫోన్ చేయలేదు. కంకిపాడు దగ్గర పది గేదెలున్న కుర్రాడు, మిషన్‌ని ట్రాలీ ఆటోలో వేసుకుని పొద్దున్నే షాపు ముందు దించాడు. ఒక్క మాట మాట్లాడలేదు. ఫ్లైవీల్ మీద ఉండే రేకు మూత విప్పి, తిరగేసి నా బల్ల మీద పెట్టాడు. లోపలివైపు నుంచి బొటనవేలి గోరంత ఉక్కు ముక్క ఆ రేకులో సగం దిగబడి ఉంది. బయటివైపు రేకు బొడిపెలా ఉబ్బింది. ఆ ఉబ్బు మీద వేలు పెట్టి చూశాను. ఆ రేకు కాస్త పల్చనిదైతే ముక్క బయటికే వచ్చేది. పక్కన నిలబడి చొప్ప అందిస్తున్నది వాళ్లమ్మ అట.

అప్పుడు గానీ నేను ఆకురాయి తీయలేదు. బ్లేడ్‌ని బెంచీ వైస్‌లో బిగించి రెండుసార్లు గీశాను. మంచి బ్లేడ్ మీద ఆకురాయి బలవంతంగానైనా కాస్త పట్టాలి. ఇది గాజు మీద గోరు జారినట్టు జారిపోయింది. ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నవాడికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు, అయినా ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో గట్టిదనం చూపించాను. రాక్‌వెల్ లెక్కలో 62 వచ్చింది. మా పనికి 50 నుంచి 55 లోపు ఉంటే సరిపోతుంది.

ఎక్కువ గట్టిగా ఉంటే మంచిదే కదా అని కొందరు అడిగారు. కాదండీ. ఉక్కుని ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే రాయిలా గట్టిపడుతుంది గానీ పెళుసవుతుంది. దాన్ని మళ్లీ సన్న సెగ మీద వేడిచేసి ఆ పెళుసుతనం విరగ్గొట్టాలి. అదే టెంపరింగ్. మా చిన్నప్పుడు మేస్త్రులు పదును పెట్టడం అనేవారు. ఈ రెండో పని సరిగ్గా చేయకపోతే బ్లేడ్ కొత్తలో బ్రహ్మాండంగా కోస్తుంది. పచ్చి చొప్పకి ఏమీ కాదు. కండెలు విరిచి ఎండబెట్టిన కర్ర, అందులోనూ కణుపు, నిమిషానికి వందలసార్లు తగిలేసరికి అంచు పలుకులు లేచిపోతుంది. జనవరిలో ఫిర్యాదులు రాకుండా ఎండు చొప్ప పడేసరికి ఎందుకొచ్చాయో ఇప్పుడు అర్థమవుతోంది కదా.

ఇక ఆ కంపెనీ సంగతి. పేరు రాయను. ఉత్తరాదిది అని మాత్రం చెబుతాను. ఫొటోలు, ల్యాబ్ కాగితం, రేకులో దిగిన ముక్క వీడియో, అన్నీ పంపాను. రెండు రోజులు నీలం టిక్కులే తప్ప జవాబు లేదు. మూడో రోజు ఫోన్ చేస్తే సేల్స్ కుర్రాడు ఎత్తాడు. ఆర్డర్ కోసం మా షాపుకొచ్చి పెసరట్టు తిని వెళ్లినవాడే. "సార్, మీ రైతులు చొప్పతో రాళ్లు వేస్తారు, మా బ్యాచ్‌లో ఏ లోపమూ లేదు" అన్నాడు.

నేను దుగ్గిరాల ఆయనకి చెప్పిన మాటే, అక్షరం పొల్లుపోకుండా నాకే తిరిగొచ్చింది.

తర్వాత వాళ్ల మేనేజర్ మాట్లాడాడు. పాడైన బ్లేడ్లు సొంత ఖర్చుతో పంపితే "పరిశీలిస్తారట". నెలా, రెండు నెలలా అంటే చెప్పలేడట. ఈలోగా కొత్త ఆర్డర్ పెడితే ఐదు శాతం తగ్గిస్తారట. ఆ చివరి మాటకి నాకు ఒళ్లు మండి నాలుగు మాటలన్నాను, అవి ఇక్కడ రాసేవి కావు. డబ్బు వస్తుందనే ఆశ వదిలేశాను. వచ్చినా, వాళ్ల దగ్గర ఇక ఒక్క బోల్టు కూడా కొనను. మా తమ్ముడు ఇది మొండితనం అంటాడు. అననివ్వండి.

అసలు రెండు రాత్రులు నిద్ర పట్టనిది మాత్రం దీనికి కాదు. విరిగినవి అప్పటికి ఐదు సెట్లు. మిగతా 59 మంది నోరెత్తలేదు. తమ్ముడేమన్నాడంటే, "ఐదుగురికీ మార్చేద్దాం. మేలో మొక్కజొన్న పని అయిపోతుంది. మిగతావాళ్లు సాన కోసం ఎలాగూ తెస్తారు, అప్పుడు ఒక్కొక్కటీ చప్పుడు కాకుండా మార్చేద్దాం." ఇది దొంగ సలహా కాదు, వ్యాపారం తెలిసినవాడి సలహా. కొత్త సెట్టు ఒకటి నాకు 1,650 పడుతుంది. 64 సెట్లంటే 1,05,600. ఇంకో పక్క, సీజన్ మధ్యలో "మిషన్ ఆపండి" అని మనమే చెబితే, పాలిచ్చే గేదెల్ని పెట్టుకున్నవాళ్లు మనల్ని ఏమనుకుంటారు? ఎండాకాలం పచ్చిగడ్డి ఎక్కడుంది? గేదె నిలువు చొప్ప వేస్తే ఆకు తిని కర్ర తొక్కేస్తుంది. ముక్కలు కోసి నలిపి వేస్తేనే తింటుంది. మిషన్ ఆగితే పాలు తగ్గుతాయి. ఈ లెక్క కూడా నిజమే.

ఒకసారి ఐదుగురికే మారుద్దామని తేల్చేసుకుని పడుకున్నాను కూడా. తెల్లవారుజామున మళ్లీ లేచి ఆ రేకు మూత దగ్గరికే వెళ్లి కూర్చున్నాను. మా ఆవిడ కాఫీ తెచ్చి, "ఇంకా దాన్నే చూస్తున్నారా?" అంది.

అందరికీ మార్చాలని నిశ్చయించుకున్నది ధర్మబుద్ధితోనే అని చెప్పుకుంటే అబద్ధం అవుతుంది. భయం సగం. మిగతా సగం పౌరుషం. మా వీధి చివర షాపులో ఎవరో ఆ నీలం బ్లేడ్ పట్టుకుని "చూశారా, ఫలానావాళ్ల సరుకు" అని నవ్వడం కళ్ల ముందు కదిలింది. 1987లో నాన్నగారు పెట్టిన షాపు ఇది. ఆయన అమ్మిన కట్టర్లు కొన్ని ఇప్పటికీ తిరుగుతున్నాయి.

ఇంకో నిజం కూడా చెప్పాలి. ఆ బ్లేడ్లు నేనెందుకు కొన్నాను? అంతకుముందు మా బ్లేడ్లన్నీ వెనక వీధి మేస్త్రి గారు చేసేవారు. ఆయనకి కళ్లలో పొర వచ్చి, ఏడాది కిందట పని మానేశారు. అల్లుడు ఉన్నాడు గానీ, కుర్రాడు ఒక్కడూ చేయగలడా అని నేనే నమ్మలేదు. పైగా కంపెనీ సరుకు సెట్టుకి 500 తక్కువ, నూనె కాగితం చుట్టి అట్టపెట్టెలో వచ్చేది. పెట్టె చూసి మోసపోయాను. వచ్చిన సరుకు మీద ఒక్కసారి, ఒక్క బ్లేడ్ మీద, ఆకురాయి పెట్టి ఉంటే ఇదంతా ఉండేది కాదు. ఆ తప్పు కంపెనీది కాదు, నాది.

మేస్త్రి గారింటికి బ్లేడ్ పట్టుకుని వెళ్లాను. ఏమంటారోనని బెరుగ్గానే ఉంది. దగ్గరగా పెట్టుకుని చూసి, గోటితో పెయింట్ గీకి, "నీలం నిప్పులోంచి రావాలిరా, డబ్బాలోంచి తెచ్చుకున్నావా?" అన్నారు. అంతే. మర్నాడు పొద్దున్నే చొక్కా తొడుక్కుని కొలిమి దగ్గరికి వచ్చేశారు.

ఒక కంటికి ఆపరేషన్ అయింది, ఆ కంటితోనే చూస్తున్నారు. సమ్మెట, నూనె తొట్టి, గ్రైండర్ పనంతా అల్లుడిదే. ఆయనది కుర్చీ. ఉక్కు కాలేటప్పుడు ఆ ఎరుపు పోల్చుకోవడానికి నీడ కావాలి, అందుకని షెడ్డులో మూలన కూర్చుంటారు. రెండోసారి సన్న సెగ మీద పెట్టినప్పుడు సానబట్టిన మెరుపు మీద రంగులు పాకుతాయి, ముందు ఎండుగడ్డి రంగు, తర్వాత వంకాయ రంగు, ఆపైన నీలం. అవి కనబడాలంటే వెలుతురు కావాలి. అప్పుడు కుర్చీ గుమ్మంలోకి లాగించుకుంటారు. రోజంతా ఆ కుర్చీ లోపలికీ బయటికీ తిరుగుతూనే ఉంది. వంకాయ రంగు దాటి నీలం తొంగిచూడగానే "తీయ్" అంటారు. మొదటి రోజు చేసిన మూడు సెట్లూ ల్యాబ్‌కి పట్టుకెళ్లాను, 52 నుంచి 54 మధ్య వచ్చాయి. నాకైతే పరీక్ష పాసైనట్టుంది.

ఇప్పుడు రోజుకి ఐదు సెట్లు అవుతున్నాయి. ఈ రోజుకి 18 సెట్లు ఇచ్చేశాం. ప్రతి బ్లేడ్ మీదా నేనే ఆకురాయి పెట్టి చూశాకే చుక్కలు కొడుతున్నాం.

ఎవరికి ముందు అనే దాని మీద ఇప్పటికే ఇద్దరు అలిగారు. ముందు ఫోన్ చేసినవాళ్లకి ముందు కాదు. గేదెలు ఎక్కువున్నవాళ్లకి ముందు. అలిగినవాళ్లలో ఒకాయన సైలేజీ పెడతారు, అంటే పచ్చి పైరుని ముక్కలు కోసి మేతకి పాతరేస్తారు. ఆయన కోపంలో న్యాయముంది. గింజ పాలు గట్టిపడే దశలో, పైరులో నీరు 65 నుంచి 70 శాతం ఉన్నప్పుడే ఒకటి రెండు సెంటీమీటర్ల ముక్కలు కోసి గాలి చొరకుండా తొక్కాలి. పది రోజులు ఆగితే పైరు ఎండుతుంది, పాతర బూజు పడుతుంది. అందుకని షాపులో చూపించడానికి పెట్టుకున్న మిషన్‌నే ఆయనకి పాత బ్లేడ్లతో ఇచ్చి పంపాను. అలాంటి మిషన్ ఇంకొకటి మాత్రమే ఉంది, నిజంగా అవసరమైనవాళ్లే అడగండి.

బ్లేడ్లు మీరే విప్పి తేవచ్చు. స్విచ్ ఆపడం చాలదు, ప్లగ్గు పీకేయండి. ఫ్లైవీల్ బరువుకి కరెంటు పోయాక కూడా కాసేపు తిరుగుతుంది, పూర్తిగా ఆగాక చక్క అడ్డం పెట్టి 17 నంబర్ పానాతో విప్పండి. కొత్తవి బిగించాక, కదలని బ్లేడ్‌కీ దీనికీ మధ్య న్యూస్‌పేపర్ ముక్క పెట్టి చక్రాన్ని చేత్తో తిప్పితే కాగితం శుభ్రంగా తెగాలి. నలిగితే సందు ఎక్కువైనట్టు. చేతకాకపోతే మిషన్ తెచ్చేయండి, ఆటో ఖర్చు సగం నేను పెట్టుకుంటాను.

ఒక్క షరతు. రేకు మూత పీకేసిన మిషన్‌కి, చొప్ప పెట్టే తొట్టిని చేయి లోపలికి పోయేలా కోసేసిన మిషన్‌కి నేను బ్లేడ్లు బిగించను. చేతికి కూడా ఇవ్వను. మూత లేకపోతే ముందు మూత వేయించుకోండి, రేకు ఖర్చు తీసుకుంటాను. పని తొందరగా అవుతుందని పీకేశామని చెప్పొద్దు, కంకిపాడు రేకు ఇంకా నా బల్ల మీదే ఉంది, వచ్చి చూడండి. దీనికి కోపమొచ్చి వేరే షాపుకి వెళతానంటే వెళ్లండి, నేనేమీ అనుకోను. సరే, అనుకుంటాను గానీ ఆపను.

వచ్చే సీజన్ నుంచి సెట్టు ధర 350 పెరుగుతుంది. కొలిమి బ్లేడ్ ఖరీదు అది. దాని మీద బేరం లేదు.

మొదటి సెట్టు దుగ్గిరాల ఆయనకే, నేనే తీసుకెళ్లి ఇచ్చాను. తప్పు నాదేనని చెప్పాను. ఆయన బ్లేడ్ అటూ ఇటూ తిప్పి చుక్కలు చూసుకుని, "సర్లే, ఈసారి మా చేలో రాళ్లేరేసి వేస్తాలే" అన్నారు. మజ్జిగ మాత్రం ఇచ్చారు. నూజివీడు ఆయన ఇంకా ఫోన్ ఎత్తట్లేదు. వారింటి పక్కన ఎవరైనా ఉంటే దయచేసి ఈ సంగతి చెప్పండి, ఆయన సెట్టు కట్టి పక్కన పెట్టి ఉంచాను. ఆ నీలం బ్లేడ్లు ఇంకా ఆయన మిషన్‌లోనే ఉన్నాయి.

ఈ నెలంతా ఆదివారాలు కూడా పొద్దున ఏడు నుంచి షాపు తెరిచే ఉంటుంది.