చెరసాల పరిచర్య విభాగం: వార్షిక నివేదిక

సభ్యులందరికీ ప్రభువు నామంలో వందనాలు.

ఈ ఏడాది జైలు పరిచర్యలో జరిగిన పనిని కమిటీ తరఫున మీ ముందుంచుతున్నాం. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా చదువుతారు, వాటి జోలికి మేం పోవడం లేదు. ఎంతమందిని కలిశాం, ఎన్ని బైబిళ్లు పంచాం అనే పట్టిక కూడా ఈసారి పెట్టలేదు. ఆ అంకెలు చూసి మనం సంతోషపడొచ్చు. లోపలున్న మనిషి మాత్రం చెప్పిన రోజున, చెప్పిన వేళకు, చెప్పిన మనిషే వస్తాడా లేదా అని చూస్తాడు. ఈ ఏడాది మేం తీసుకున్న నిర్ణయాలన్నింటికీ మూలం ఇదే.

పండగలకు పెద్ద బృందంగా వెళ్లి, పాటలు పాడి, వాక్యం చెప్పి వచ్చే కూడికలు తగ్గించాం. క్రిస్మస్ కూడిక మానలేదు, అది వాళ్లే అడుగుతారు. మిగతా ఏడాదంతా ఒక ఖైదీకి ఒక మెంటర్ (క్రమం తప్పకుండా వచ్చి కలిసి, తోడుగా నిలిచే మనిషి) అనే పద్ధతికే సమయం పెట్టాం. మగవారికి మగవారు, ఆడవారికి ఆడవారు. కనీసం ఏడాదిపాటు వస్తానని మాట ఇవ్వగలిగినవారినే తీసుకున్నాం. ఈ షరతు వినగానే పేర్లిచ్చినవారిలో చాలామంది వెనక్కి తగ్గారు. అదే మంచిదైంది. అయినవాళ్లే చేయిచ్చిన మనిషికి నాలుగు వారాలు కనిపించి మనమూ మాయమైతే, అసలు వెళ్లకపోవడమే నయం.

కొత్తవారి శిక్షణలో గేటు దగ్గరి సంగతులే ఎక్కువ చెప్పాల్సి వచ్చింది. ఫోను, పర్సు, తాళాలు అప్పగించాలి, రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి, తనిఖీకి నిలబడాలి. ఒక్కోసారి ఇంతా అయ్యాక ఇవాళ ములాఖత్ లేదని తిప్పి పంపేస్తారు. కారణం చెప్పరు, చెప్పాల్సిన పనీ లేదు. సిబ్బందితో వాదన పెట్టుకుంటే ఆ ఫలితం అనుభవించేది లోపలున్నవాడే.

లోపలికి వెళ్లాక నేరం ఏమిటని మనంతట మనం అడగం. కేసు మీద సలహాలివ్వం. ఉత్తరం, డబ్బు, ఫోన్ నంబరు ఏదీ అటూ ఇటూ మోయం. "మా అమ్మకు ఒక్క మాట చెప్పన్నా" అని బతిమాలినా సరే, అధికారులకు చెప్పి వారి ద్వారానే చేయాలి. మెంటర్లకు అన్నింటికన్నా కష్టమైన నియమం ఇదేనట. చిన్న సాయంతో మొదలైంది రేపు కాదనలేని ఒత్తిడి అవుతుంది, అందుకే సడలించలేదు. విన్నది బయట చెప్పకూడదు. ప్రార్థన అంశం అనే పేరుతో కూడా చెప్పకూడదు (మన కూడికల్లో ఆ దారిన ఎన్ని కబుర్లు ప్రయాణం చేస్తాయో అందరికీ తెలుసు!). తన ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉందనిపించే మాట వింటే మాత్రం అధికారులకు చెప్పితీరాలి. ఆ సంగతి మొదటి రోజే ఖైదీకి చెప్పేస్తున్నాం.

ఎంతమంది రక్షణ పొందారని, అంటే క్రీస్తును నమ్ముకున్నారని, కొందరు సభ్యులు అడిగారు. ఆ లెక్క మేం రాయం. కూడికకు వచ్చేవాళ్లలో దేవుణ్ణి వెతుక్కుంటూ వచ్చేవారూ ఉంటారు, కాసేపు బ్యారక్ బయట కూర్చుంటే చాలనుకునేవారూ ఉంటారు. ఇద్దరినీ రానిస్తాం. ఖైదీల విషయంలో 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాలు మత ప్రతినిధిని కలిసే అవకాశం ఇవ్వాలంటూనే, ఖైదీ వద్దంటే ఆ మాటను పూర్తిగా గౌరవించాలని కూడా అన్నాయి. వేరే విశ్వాసం ఉన్నవారికీ, ఏ విశ్వాసమూ లేనివారికీ మెంటర్లను ఇచ్చాం, ఇస్తాం. 1817లో లండన్ న్యూగేట్ జైల్లో, ఖైదీల బాగు కోసం పాటుపడిన క్రైస్తవురాలు ఎలిజబెత్ ఫ్రై స్త్రీల మధ్య పని మొదలుపెట్టినప్పుడు బైబిలు చదివింది, పిల్లలకు బడి పెట్టింది, కుట్టుపని నేర్పించింది. నియమాలను ఆ ఖైదీల ముందే చదివి, వాళ్లు చేతులెత్తి ఒప్పుకున్నాకే అమలుచేసింది. ఆ మర్యాద మనమూ పాటించాలని కమిటీ అభిప్రాయం.

ఈ ఏడాది మాకు బాగా తృప్తినిచ్చిన పని విడుదలకు ముందు జరిగే సిద్ధపాటు. ఒకాయన లోపల వెల్డింగ్ నేర్చుకున్నాడు, చేతిలో పనుంది. టెన్షన్ అంతా ఒక్క ప్రశ్న మీదే: "ఇన్నేళ్లు ఎక్కడ చేశావు?" మన మెంటర్ యజమానిలా కూర్చుని మొదటిసారి అడిగితే తలదించుకున్నాడు. తర్వాతిసారి కేసు పూర్వాపరాలన్నీ ఏకరువు పెట్టాడు. ఇంకోసారి కోపమొచ్చి లేచి వెళ్లిపోయాడు. ఆపై పాత్రలు మార్చుకున్నారు. తను యజమానై అడిగినప్పుడు, ఎదుటివాడు ఏం వినాలనుకుంటాడో ఆయనకే తట్టింది. చివరికి కుదిరిన జవాబు ఇంతే: "తప్పు చేశాను, శిక్ష పూర్తిచేశాను. లోపల వెల్డింగ్ నేర్చుకున్నాను. చూస్తానంటే ఇప్పుడే చేసి చూపిస్తాను."

విడుదలయ్యాక మొదటి వారాలే గడ్డు రోజులు. మండేలా నియమాల్లో 108వది గుర్తింపు పత్రాలు, తలదాచుకోను చోటు, పని, వాతావరణానికి తగిన బట్టలు అన్నీ చెబుతుంది. కాగితం మీద ఉన్నదానికీ గేటు బయట ఉన్నదానికీ మధ్య దూరం చాలా ఉంది. బయటికొచ్చిన ఒకాయన మా ఆఫీసు గదిలో మూసిన తలుపు ముందు అలాగే నిలబడిపోయాడు. ఎవరో వచ్చి తీస్తారని ఎదురుచూస్తున్నాడని తెలియడానికి మాకు కాస్త సమయం పట్టింది. అందుకే మెంటర్ బాధ్యత ఇప్పుడు విడుదలతో ముగియదు, ఆ తర్వాత ఆరు నెలలు కొనసాగుతుంది. పని ఇచ్చేవారి దగ్గరికి వెంట వెళ్లడం కూడా అందులో భాగం. బైబిల్లో దాసుడైన ఒనేసిము కోసం అపొస్తలుడు పౌలు అతని యజమాని ఫిలేమోనుకు రాసిన ఉత్తరం అలాంటి సిఫారసే, అతను బాకీ ఉంటే నా లెక్కలో వేయమన్నాడు. మన సభ్యుల్లో దుకాణాలు, వర్క్‌షాపులు ఉన్నవారు ఈ ఉత్తరం మరోసారి చదవాలని మనవి.

పిల్లల సంగతి కొంచెమే చేయగలిగాం. స్వయంగా శిక్ష అనుభవించి వచ్చిన మేరీ కే బియర్డ్ 1982లో అమెరికాలో, ఖైదీల పిల్లలకు క్రిస్మస్ కానుకలు అందించే ఏంజెల్ ట్రీ కార్యక్రమం మొదలుపెట్టింది. చర్చీలవాళ్లు తెచ్చిచ్చిన సబ్బులు, టూత్‌పేస్టులు వాడుకోకుండా దాచి, తల్లులు వాటినే పిల్లలకు కానుకలుగా ఇవ్వడం ఆమె జైల్లో చూసింది. ఆ పద్ధతిలో బహుమతి మన డబ్బుతో కొన్నా, అది జైల్లో ఉన్న తల్లి పేరు మీదో తండ్రి పేరు మీదో పిల్లలకు అందుతుంది. మనమూ అలాగే చేశాం. మన సంఘం పేరు ఎక్కడా వేయలేదు.

బాధితుల మాటేమిటని సర్వసభ్య సమావేశంలో ఒక అక్క అడిగారు. న్యాయమైన ప్రశ్న. బైబిల్లో యేసును చూడ్డానికి మేడిచెట్టు ఎక్కిన సుంకపు అధికారి జక్కయ్య, చెట్టు దిగి ఊరుకోలేదు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు. ఆ కథలోని చెట్టు పేరుతోనే చాలా దేశాల్లో నడుస్తున్న సికమోర్ ట్రీ (మేడిచెట్టు) కార్యక్రమంలో, నేరం చేసినవారు, ఆ కేసులతో సంబంధం లేని బాధితులు కొన్ని వారాలపాటు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటారు. దీనికి శిక్షణ పొందిన నిర్వాహకులు, జైలు అధికారుల అనుమతి రెండూ కావాలి. వచ్చే ఏడాది ముందు శిక్షణకు మనవారిని పంపాలని కమిటీ ప్రతిపాదిస్తోంది, సభ్యుల ఆమోదం కోరుతున్నాం.

చదువు చెప్పగలిగే మెంటర్లు, అందులోనూ ఆడవారు, అత్యవసరంగా కావాలి. దగ్గరి చూపు కళ్లద్దాలు, పెద్దక్షరాల బైబిళ్లు ఇవ్వదలచినవారు నేరుగా జైలుకు పంపకుండా మాకే ఇవ్వండి, అనుమతి తీసుకుని చేరుస్తాం. దరఖాస్తులు కార్యదర్శి దగ్గర ఉన్నాయి. ఇంట్లోవాళ్లతో మాట్లాడి, ఏడాదికి ఒప్పుకున్నాకే నింపండి.

కమిటీ తరఫున,
కార్యదర్శి