థెరపీ కోసం ఇచ్చిన ఫోన్‌ని తప్పుపట్టకండి

సంపాదకుడు గారికి,

రోజువారీ పనులు సొంతంగా చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపీలో యాప్‌లు వాడుతున్నారని తెలిస్తే చాలు, పిల్లాడికి ఫోన్ పిచ్చి అంటిస్తున్నారని ఇంట్లో పెద్దవాళ్లు కోప్పడుతున్నారు. ఆ భయంలో అర్థం ఉంది, కానీ మొత్తానికే వద్దనడం అన్యాయం. మాటలు రాని పిల్లాడు తెర మీద గ్లాసు బొమ్మ నొక్కగానే ఫోన్ 'నీళ్లు కావాలి' అని పలుకుతుంది, అప్పటిదాకా ఏడ్చి అడగడమే తెలిసిన వాడికి అదెంత ఊరటో దగ్గరుండి చూడాలి. తలకు దెబ్బ తగిలి మతిమరుపు వచ్చినవాళ్లకు ఏ పని తర్వాత ఏది చేయాలో గుర్తుచేసే యాప్ కూడా అంతే ఆసరా.

అయితే గాజు మీద వేలు జారిపోతుంది, కాగితం మీద పెన్సిల్‌కి తగిలే ఒరిపిడి అక్కడ ఉండదు, కాబట్టి తెర మీద దిద్దిన అక్షరం కాగితం మీదా దిద్దించాలి, గుండీ పెట్టుకోవడం చొక్కా మీదే నేర్పాలి. ఏ యాప్, ఎంతసేపు అన్నది థెరపిస్టు చెప్పాలి, రేటింగ్ చూసి దించుకుంటే లాభం లేదు.

ఇంకో మాట. ఆండ్రాయిడ్‌లో స్క్రీన్ పిన్నింగ్ (కొత్త ఫోన్లలో యాప్ పిన్నింగ్ అంటారు), ఐఫోన్‌లో గైడెడ్ యాక్సెస్ ఉన్నాయి, పాస్‌కోడ్ పెట్టి ఆన్ చేస్తే పిల్లాడు ఆ యాప్ వదిలి వీడియోల్లోకి వెళ్లలేడు. దయచేసి థెరపిస్టులు మొదటి రోజే ఇది తల్లిదండ్రులకు చూపించండి, సగం టెన్షన్ తగ్గుతుంది.

- ఒక పాఠకురాలు