పిండినల్లి పడితే ముందు చీమల్ని ఆపండి

జామ, దానిమ్మ కొమ్మల మీద తెల్లగా దూది అంటినట్టు ఉందని ఫోటోలు పెడుతున్నారు కదా, అది బూజు కాదు, పిండినల్లి అనే రసం పీల్చే పురుగు. టెన్షన్ పడి ఘాటు మందులు కొట్టకండి ప్లీజ్, పిండినల్లిని తినే అక్షింతల పురుగులు (లేడీబర్డ్స్) కూడా చచ్చిపోతాయి. బాగా పట్టిన కొమ్మలు కత్తిరించేసి, మిగతా చెట్టును నీళ్లతో గట్టిగా కడగండి. తర్వాత లీటరు నీళ్లకు 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగు కూడా తడిసేలా పిచికారీ చేయండి, ఎండలో మాత్రం వద్దు, ఆకులు మాడతాయి. వారానికి మళ్లీ ఒకసారి.

అసలు చాలామంది వదిలేసేది చీమల్ని. పిండినల్లి వదిలే తీపి జిగురు కోసం చీమలే దాన్ని కాపాడతాయి, ఇంకో కొమ్మకు మోస్తాయి కూడా, నల్లటి మసి తెగులు పెరిగేది ఆ జిగురు మీదే. అందుకే చీమలు పైకి ఎక్కకుండా కాండం చుట్టూ జిగురు పట్టీ కట్టండి.