ఆ రాయి మాత్రం పంపను

నంద్యాల,
ఆదివారం రాత్రి

అమ్మలూ,

హాస్టల్లో బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా నా రాతిగొడ్డలి పంపమన్నావు. పంపను. కోపం తెచ్చుకోకుండా చదువు.

అది దొరికి పన్నెండేళ్లయింది. వాగులో గులకరాళ్ల మధ్య కనిపించగానే సంబరంతో తువ్వాలులో మూటగట్టి తెచ్చేశాను. ఏ వాగో గుర్తుంది, ఏ మలుపో గుర్తులేదు. గట్టులోంచి ఊడిపడిందో, వరదకు దొర్లి వచ్చిందో చూసుకోలేదు. పురావస్తు పరిశోధన చేసిన ఒక పెద్దాయనకు చూపిస్తే, మురిపెంగా తిప్పి తిప్పి చూసి "ఎక్కడిది?" అన్నారు. నీళ్లు నమిలాను. ఆయన దాన్ని మళ్లీ నా చేతిలోనే పెట్టేశారు.

మన జ్వాలాపురంలో తెల్లని బూడిద పొర ఉంది కదా, గిన్నెలు తోమే పొడి కోసం తవ్వుకుపోయేవారు. సుమారు 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలో టోబా అగ్నిపర్వతం పేలి ఇక్కడిదాకా వచ్చి పడిన బూడిద అది. దాని కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయి. అంత ఉత్పాతం తర్వాతా ఇక్కడ మనుషులు బతికారని పరిశోధకులు అనగలిగింది వాటిని చూసే. నాలాంటివాడు ముందే వెళ్లి సంచి నింపుకొని ఉంటే, కిందిదేదో పైదేదో ఎవరు చెప్పేవారు?

బ్రిటిష్ కాలపు భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్‌కు చెన్నై దగ్గరి పల్లావరంలో మొదటి రాతి పనిముట్టు దొరికింది 1863 మే 30న. తేదీతో సహా మనకు తెలుసంటే ఆయన రాసిపెట్టుకోబట్టే. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో ఆయన కొడుకు హెన్రీ కూడా తవ్వకాలు చేశాడు. నేను రమ్మంటే నువ్వు ఎండ అంటావు!

ఈరోజు ఒక రాతి పెచ్చు కనిపించింది, పనిముట్టు చెక్కేటప్పుడు ఊడిపడేలాంటిది. బొటనవేలంత ఉంటుంది. దెబ్బ తగిలిన చోట చిన్న ఉబ్బు, అక్కడి నుంచి చెరువులో రాయి విసిరినట్టు అలలు. నాగలి తగిలి పగిలిన రాయికి సాధారణంగా అంత తీరు రాదు. పక్కన పెన్ను పెట్టి ఫొటో తీసి, గట్టు ఎత్తు కొలిచి నోటుపుస్తకంలో రాసుకున్నాను. రాయిని కదపలేదు.

సంక్రాంతికి వస్తావుగా, చూపిస్తాను. చెప్పులతో రాకు, దారంతా పల్లేరుకాయలు.

నాన్న