నెల దాటాక పోయినవాళ్ళు ఎవరి లెక్కలోకి వస్తారు?

సంపాదకుడు గారికి నమస్కారం.

క్యాన్సర్ ఆపరేషన్ సక్సెస్ అని పేపర్లో ఫొటోలు వస్తుంటాయి కదండీ, డాక్టర్ల టీము, మధ్యలో శాలువా కప్పుకున్న పేషెంటు. అది డిశ్చార్జి రోజు ఫొటో. ఆ తర్వాత ఇంట్లో ఏం జరుగుద్దో కూడా ఒకసారి రాయండి అని అడగడానికే ఈ ఉత్తరం.

మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు, పొగాకు రైతులం. నాన్నకి 71 ఏళ్ళు, పదిహేనో ఏట నుంచీ చుట్ట. చుట్ట వల్ల ఊపిరితిత్తులు పోతాయని విన్నాం గానీ, ఆ పొగలో విషం రక్తంలో కలిసి, కిడ్నీలు దాన్ని వడకట్టి మూత్రసంచిలోకి పంపితే గంటలకొద్దీ అక్కడే నిలవుంటుందని మూత్రంలో రక్తం పడ్డాక గానీ తెలీలేదు. మూత్రసంచి క్యాన్సర్, సంచి కండరంలోకి దిగింది, సంచి మొత్తం తీసెయ్యాలన్నారు. పేగు ముక్కతో మూత్రానికి పొట్ట మీద దారి పెట్టి బ్యాగు తగిలించారు. పైఖర్చులన్నీ పొగాకు వేలం డబ్బుల్తోనే కట్టాం, ఏం చెప్తాం.

ప్రాణానికి రిస్కెంతండీ అనడిగితే నూటికి ఒకళ్ళిద్దరు అన్నారు, సంతకం పెట్టేశాం. 12వ రోజు ఇంటికొచ్చాం. నెలకి రివ్యూకి రమ్మన్నారు, అంటే 42వ రోజు. నాన్న 41వ రోజు పోయాడు. అంతకుముందు మూడ్రోజులూ సాయంత్రమయ్యేసరికి చలి, వణుకు, బ్యాగులో మూత్రం టీ డికాషన్ రంగులో అడుగున కాస్త. ఎండలకేమో అని మజ్జిగ తాగించాం, ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు సెలైన్ పెట్టారు, ఒంగోలు తీసుకెళ్ళేసరికి ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి బీపీ పడిపోయింది.

తర్వాత నేను చదివి తెలుసుకున్నదేంటంటే, ఆ ఒకళ్ళిద్దరు అనేది 30 రోజుల లెక్క. అదే 90 రోజులకి చూస్తే దాదాపు రెట్టింపవుద్ది, 80 దాటినవాళ్ళలో ఇంకా ఎక్కువ. న్యూయార్క్‌లో పేరున్న క్యాన్సర్ ఆస్పత్రిలోనే 90 రోజుల్లో నూటికి 64 మందికి ఏదో ఒక కాంప్లికేషన్ వచ్చింది. మరి మా నాన్న 41వ రోజు పోయాడు కాబట్టి నెల లెక్కలో ఆయన ఆపరేషన్ కూడా సక్సెస్సే!

ఆపరేషన్ వద్దని నేననట్లేదు, ఆ స్టేజిలో వదిలేస్తే చాలామందికి రెండేళ్ళు గడవవు. డాక్టర్ చేతిలో తప్పుందనీ అనట్లేదు. కానీ 90 రోజుల లెక్క చెప్పాలి కదా, ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారో బోర్డు పెట్టాలి కదా. యూరప్ గైడ్‌లైన్స్‌లో ఏడాదికి కనీసం 10, వీలైతే 20 పైన చేసే ఆస్పత్రిలోనే చేయించుకోమని ఉంది. కొందరికి సంచి ఉంచి కీమో, రేడియేషన్‌తో నయం చేసే దారి కూడా ఉందంట, ఆ మాట మాకెవరూ చెప్పలేదు, మా నాన్నకి అది పనికొచ్చేదో లేదో నాకు తెలీదు.

ఎన్టీఆర్ వైద్య సేవ పథకంలో ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళ వివరాలు ప్రభుత్వం దగ్గరుంటాయి. ఆశా కార్యకర్త వారానికోసారి ఇంటికొచ్చి జ్వరం, బ్యాగులో ఎంత పడుతోంది, పిక్క వాచిందా, ఆయాసముందా, పొట్ట ఉబ్బి వాంతులవుతున్నాయా, ఈ నాలుగైదు చూస్తే చాలు. ఇవే తెలుగులో ఒక కాగితం మీద, రాత్రిపూట ఎత్తే ఫోన్ నంబరుతో రాసిచ్చినా మేం మజ్జిగతో మూడ్రోజులు ఆగేవాళ్ళం కాదు.

ఇంకో మాట. సీలు తియ్యని బ్యాగులు 14 మిగిలాయి, అవి కొనాలంటే మాలాంటోళ్ళకి భారమే. జిల్లాలో ఎవరికైనా కావాలంటే చెప్పండి, మీ ఆఫీసులో ఇచ్చి వెళ్తాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, ప్రకాశం జిల్లా