గడీ ఆవరణలో వెట్టి మనుషులకూ చోటివ్వండి

తెలంగాణ రాష్ట్ర పర్యాటక, సాంస్కృతిక శాఖల మంత్రివర్యులకు,

నమస్కారాలు.

శిథిలమవుతున్న గడీలను, అంటే ఊరి దొరల కోటలాంటి భవంతులను, కాపాడాలనే వారితో మాకు పేచీ లేదు. అయితే ఆ గోడలకు రాళ్లు మోసినవారి ఆనవాలేదీ అక్కడ లేకుండా, దర్వాజా నగిషీలను మాత్రమే చూపించి పంపితే సందర్శకులకు సగం చరిత్రే అందుతుంది. అందుకే ప్రభుత్వం బాగుచేయించే ప్రతి గడీ ఆవరణలోనూ, కూలి లేకుండా బలవంతపు చాకిరీ చేసిన వెట్టివారి స్మారకం ఉండాలని కోరుతున్నాము.

నిజాం కాలపు తెలంగాణ పల్లెల్లో వెట్టి నుంచి తప్పించుకున్న వృత్తి కులం దాదాపు లేదు. చాకలివారు గడీలో బట్టలతో పాటు అంట్లూ తోమాలి. కుమ్మరివారు కుండలు ఊరికే ఇవ్వాలి. మాదిగవారు చెప్పులు, మోటకు తోలు సరంజామా కుట్టిపెట్టాలి. దొర కచ్చురంలో బయలుదేరితే బండి ముందు ఒక మనిషి రొప్పుతూ పరుగెత్తాలి. తాత చేసిన అప్పుకు మనుమడు పాలేరుగా పనిచేసే భగేలా పద్ధతిని కట్టడి చేయడానికి 1936లో నిజాం ప్రభుత్వమే చట్టం తెచ్చినా, పల్లెలో దొర మాటే చెల్లింది. రాజ్యాంగం 23వ అధికరణంలో వెట్టిని నిషేధించాక కూడా 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం చేయవలసి వచ్చిందంటే ఆ వేళ్లు ఎంత లోతున ఉన్నాయో తమకు వేరుగా చెప్పనక్కరలేదు.

1946 జూలై 4న కడవెండిలో నేలకొరిగిన దొడ్డి కొమురయ్యను, పాలకుర్తి చాకలి ఐలమ్మను మనం తలచుకుంటున్నాము, తలచుకోవాలి కూడా. కానీ ఎదురుతిరిగే అవకాశమే దొరకక గడీలోనే బతుకు వెళ్లదీసినవారు ఎందరో ఉన్నారు. వారికి విగ్రహాలు లేవు, ఊరి కాగితాల్లో పేర్లూ అరుదే. ముసలివాళ్ల నోట మిగిలిన ఆ పేర్లను ఊరూరా గ్రామసభ పెట్టి రాయించుకోవడమే మొదటి పని. శిల్పిని వెతకడం ఆ తర్వాత.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. దొర బిడ్డ అత్తవారింటికి పోతుంటే వెంట దాసీలుగా పంపిన ఆడబాపల కథ ఈ చరిత్రలో అన్నిటికన్నా బాధాకరమైనది. వారి వారసులు ఇప్పటికీ అవే ఊళ్లలో ఉండవచ్చు గనుక, కుటుంబం ఒప్పుకోనిదే ఆ పేర్లు రాతిపై ఎక్కకూడదు. పేరు వద్దన్నవారికి పేరులేని పలక ఒకటి చాలు. అలాగే తెగిన సంకెళ్ల బొమ్మ వద్దని మనవి. ఇక్కడ మనిషిని కట్టిపడేసింది ఎక్కువగా అప్పు, భయం, కులం. స్మారకం మీద ఎవరు ఏ పని చేశారో, దానికి కూలి ముట్టలేదన్న సంగతీ సూటిగా రాస్తే బడిపిల్లలకూ అర్థమవుతుంది.

ఏ గడీ మరమ్మతుకు నిధులు మంజూరు చేసినా, అందులో కొంత ఈ స్మారకానికి, పేర్ల సేకరణకు ముందుగానే కేటాయించాలని, రాతిపై చెక్కే వాక్యాలను వెట్టి కుటుంబాల వారసులు చదివి సరేనన్న తర్వాతే ఖరారు చేయాలని ఉత్తర్వులు ఇవ్వవలసిందిగా ప్రార్థిస్తున్నాము.

ఇట్లు,
వెట్టి కుటుంబాల వారసులు కొందరు